దస్తీ మీద నీలి మచ్చ

ఎం.ఎస్సీ. రెండో ఏడాదిలో నా ప్రాజెక్టు రంగు సోలార్ సెల్. రెండు గాజు పలకలు, మధ్యలో రంగు పట్టించిన సన్నని పొర, దాన్ని తడిపే అయోడిన్ ద్రావణం. ఆ ద్రావణమే ఎలక్ట్రోలైట్. ఎండ పడ్డప్పుడు రంగుపొర ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటుంది; వాటిని తిరిగి తెచ్చిచ్చేది అదే.

నా సెల్ మొదటి రోజు బాగానే పనిచేసేది. నాలుగో రోజుకు మీటరులో అంకెలు పడిపోయేవి. తేనెరంగు ద్రావణం వెలిసిపోయేది. అంచులు జిగురుతో మూసే ఉన్నాయి, ఎక్కడా తడి లేదు. ఎండకు చెడిందా? సూరత్ వానాకాలపు తేమ లోపలికి దూరిందా? నేనే తప్పు కలిపానా? ప్రాజెక్టు గైడ్ మేడంను అడిగితే, "నువ్వే కనుక్కో" అన్నారు. రెండు నెలలు ఏమీ తోచలేదు.

ఒక ఆదివారం, తీసుకురాకూడదని తెలిసీ, సెల్‌ను ఇంటికి తెచ్చాను. సూరత్ పక్కనున్న సచిన్ ఊళ్ళో మగ్గాలు నడిపే బాపు దాన్ని కిటికీ దగ్గర తిప్పి చూశాడు.

"గింత గాజుముక్క కరెంటు ఇస్తదా బిడ్డా?"

"ఇస్తది బాపు. నాలుగు రోజులే. తర్వాత ఎందుకు ఆగుతున్నదో సమజైతలేదు."

"చేసినదానివి నీకే తెల్వకపోతే ఎవలకు తెలుస్తది?"

పగులుతుందని అమ్మ దాన్ని బాపు జేబులో పెట్టుకునే తెల్ల దస్తీలో చుట్టి, డబ్బాలో పెట్టి ఇచ్చింది.

మర్నాడు ల్యాబులో విప్పితే, గాజు అంచు ఆనిన చోట దస్తీ మీద నల్లటి నీలి గీత. పెన్ను కారిందనుకుని అమ్మకు ఫోన్ చేశాను.

"దస్తీకి సిరా అంటిందా అమ్మా?"

"సిరా ఏంది? నిన్ననే ఉతికి గంజి పెట్టిన."

గంజి! అయోడిన్ తగిలితే గంజి నీలమవుతుందని బడిలోనే చదివాను. కంటికి కనబడకుండా అయోడిన్ అంచుల్లోంచి బయటికి పోతోంది. పరుగెత్తుకెళ్ళి మేడంకు చూపించాను. సెల్‌ను ఇంటికి పట్టుకెళ్ళినందుకు ముందు తిట్టారు. తర్వాత దస్తీని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశారు.

జిగురు మార్చి, రెండు పొరలుగా మూశాను. ఈసారి కింద గంజి కాగితం పరిచాను. పది రోజులైనా కాగితం తెల్లగానే ఉంది. కానీ ద్రావణం మళ్ళీ వెలిసిపోయింది, కాస్త నెమ్మదిగా. కాగితాన్ని, సెల్‌ను మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాను. బయటికి పోకపోతే ఎక్కడికి పోయింది?

వైవాలో ఎగ్జామినర్ అదే అడిగారు. "కొంత అంచుల్లోంచి పోయింది సార్. మిగతాది తెలియదు" అన్నాను. పాస్ చేశారు.

ఆ సాయంత్రం బాపు అడిగాడు: "మరి సమజైందా?"

"సగం."

"దస్తీ మరక పోతలేదు మరి," అన్నది అమ్మ వంటింట్లోంచి.

ఇప్పుడు అదే ల్యాబులో పనిచేస్తున్నాను. మిగతా సగం ఇంకా తెలియలేదు.