నడిమధ్య మేస్త్రి

మా బావని అందరూ 'నడిమధ్య మేస్త్రి' అంటారు. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు తలెత్తి కప్పుకి నడిమధ్య ఎక్కడా అని చూస్తాడు, మనుషుల్ని తర్వాత పలకరిస్తాడు. మా ఆవిడ ప్రసవించినప్పుడు ఆసుపత్రికొచ్చి కూడా అదే పని. పసిబిడ్డని చూడకుండా కప్పు చూస్తావేం బావా అని నేను గయ్యిమన్నాను.

దీపం వేలాడే చోట కప్పుకి తెల్లటి ప్లాస్టర్ పువ్వు ఉంటుంది చూడండి, అది చేయడమే మా వృత్తి. ఆయన గీసి చెక్కుతాడు, నేను ప్లాస్టర్ కలిపి పలక పోస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే. ఒక ఇంటివాళ్ళు ఎనిమిది రేకులడుగుతారు, ఎనిమిది దిక్కులంటారు. ఇంకొకరికి పన్నెండు కావాలి, వాళ్ళ ప్రభువుకి శిష్యులు అంతమంది. మరొకరు పువ్వే వద్దంటారు, దేవుడిలా మొదలూ తుదీ లేని నక్షత్రం చాలంటారు. "ఎవరి దేవుడు వాళ్ళకి. మేకు కొట్టేది మాత్రం అందరికీ మధ్యలోనే రా," అనేవాడు బావ.

మూడు నెలల కిందట మెదడులో నరం చిట్లి పడిపోయాడు. నడక వచ్చింది, మాట వచ్చింది. ఎడమవైపు మాత్రం రాలేదు. కళ్ళు బాగానే ఉన్నాయట, ఎడమవైపు అనేది ఒకటుందని మెదడుకే తెలియదట, డాక్టరు చెప్పాడు. కంచంలో కుడి సగం తినేసి, "ఇంతేనా పెట్టావ్?" అని అక్క మీద అరుస్తాడు. అక్క కంచం తిప్పి పెడుతుంది. "ఇందాక ఎక్కడ దాచావే?" అంటాడు. అక్క నవ్వుతుంది, తర్వాత వంటింట్లో ఏడుస్తుంది.

ఇంతలో గ్రంథాలయం హాలుకి పన్నెండు రేకుల పువ్వు కావాలని ఇంజనీరు కబురు పంపాడు. ముందు నమూనా చూపించాలి, నచ్చితే పని మాది. బావ పట్టుబట్టాడు.

"ఇదొక్కటి చేస్తే నేను మళ్ళీ మేస్త్రినిరా. లేకపోతే కుర్చీలో దిష్టిబొమ్మనే."

"కాదనకురా తమ్ముడూ," అంది అక్క. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేనేం చెయ్యను?

షెడ్డులో బల్ల మీద పలక పెట్టాను. నేను గుర్తు పెట్టిన నడిమధ్యలో బావ మేకు కొట్టి దారం కట్టాడు. చెయ్యి వణకలేదు. ఆ చెయ్యి చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ దారాన్ని పైనుంచి కుడివైపుగా కిందిదాకా లాగి, అక్కడితో పెన్సిల్ చెవిలో పెట్టేసుకున్నాడు. రెండు రోజులు కూర్చుని ఆరు రేకులు చెక్కాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"అయిపోయింది. ఎలా ఉందిరా?"

"రేకులు లెక్కపెట్టు బావా."

"నాకే లెక్కలు నేర్పుతున్నావా, వెధవా?"

చెప్పేద్దామనుకున్నాను. దానికి బదులు అక్క కంచం తిప్పినట్టు పలకని గిర్రున సగం తిప్పాను. ఖాళీ సగం చూసుకుని మిగతాది తనే చెక్కుతాడని నా ఆశ.

బావ ముఖం తెల్లబోయింది. పలక మీద కుడివైపంతా తడిమాడు.

"నా పువ్వేదిరా? ఏం చేశావ్? చెరిపేశావా?"

కళ్ళనిండా నీళ్ళు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఏడవడం చూడలేదు. నా చేతులు విరగా, ఎందుకు తిప్పాను! గబగబా వెనక్కి తిప్పేశాను.

"హమ్మయ్య! ఇక్కడే ఉందిగా," అని నవ్వేశాడు. "హడలగొట్టావు కదరా. ఇక ముట్టుకోకు."

అప్పుడే ఇంజనీరు వచ్చాడు. షెడ్డు తలుపు బావకి ఎడమవైపు. బావకి అడుగు దూరంలో నిలబడి, ఆరు రేకులనీ పక్కనున్న బోడి ప్లాస్టర్నీ చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు చూసి మెల్లగా తల అడ్డంగా ఊపాడు. నా భుజం తట్టి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

బావ చొక్కా దుమ్ము దులుపుకుని, జుట్టు సర్దుకున్నాడు.

"ఈ ఇంజనీరు ఇంకా రాలేదేంట్రా?"

"దారిలో ఉన్నాడట బావా," అన్నాను.