రంగు కింది గోరు

మొన్న ఆదోనిలో బ్యూటీ పార్లర్‌కు వెళ్లాను. నెయిల్ పాలిష్ ఘాటు ముక్కుకెక్కుతోంది. పక్క కుర్చీలో ఉన్నావిడ కాలి బొటనవేలి గోరు పసుప్పచ్చగా మందమెక్కి, అంచులు పొడిపొడిగా రాలుతోంది. పార్లర్ అమ్మాయి ఏమాత్రం తడుముకోకుండా, ముదురు రంగు వేసేస్తే ఏమీ కనబడదంది. నాకు ఒళ్లు మండింది. అది ఫంగసు, పైన రంగు పూస్తే కింద హాయిగా పెరుగుతుంది, ఆవిడకు వాడిన కత్తెర కడగకుండా నా కాలి దగ్గరికి తెస్తే మర్యాదగా ఉండదు అన్నాను. ఇద్దరూ నన్ను గయ్యాళి కింద జమకట్టారు. కట్టనీ. ఆ గయ్యాళితనం ఊరికే రాలేదు. ఎమ్మిగనూరులో మా పక్కింటి నర్సు శాంతమ్మక్క నేర్పింది.

మా అమ్మ నూలుకు రంగులద్దే షెడ్డులో కూలి. పొద్దస్తమానం చీలమండల లోతు రంగునీళ్లలో నిలబడాలి. అక్కడి ఆడవాళ్ల కాలిగోళ్లు ఒకనాడు నీలం, ఒకనాడు ఎరుపు. అందుకే గోరు పాడైనా రంగు పట్టిందనే అనుకునేవారు. పండుగొస్తే పైన ఇంత పసుపు రాసేవారు. అమ్మ గోళ్లు ఏళ్ల తరబడి చెడిపోతుంటే, డిగ్రీ చదువుతున్న నేనూ రంగే అనుకున్నాను. సైన్సు విద్యార్థిని మరి!

ఆదోనిలో మా కాలేజీ వార్షికోత్సవంలో నాకు బహుమతి ఇస్తున్నారు. అమ్మ వస్తానంది. ఆ కాళ్లతోనా అనిపించింది నాకు. నైలాన్ మేజోళ్లు కొనుక్కొచ్చి, వేసుకుని చూడమన్నాను. పని నుంచి వచ్చిన తడికాళ్లకే అమ్మ వాటిని మారుమాట్లాడకుండా తొడుక్కుంటుండగా, శాంతమ్మక్క తోడుకు మజ్జిగ అడగడానికి వచ్చింది. చూసి, మేజోడు లాగేసి, గుడ్డతో గోరును గట్టిగా రుద్దింది. నీలం పోయింది, గోటి పసుప్పచ్చ పోలేదు.

"ఇది రంగు కాదు లచ్చిమీ, రోగం" అని అమ్మతో అని, నా వైపు తిరిగింది. "సదువుకున్నదానివి గదా నువ్వు. తడికాలు ఆరబెట్టుకోమని సెప్పకుండా మూటగట్టమంటావా? మీ అమ్మ కాళ్లు బాగుపడాల్నా, నీ పరువు నిలబడాల్నా?"

మేజోళ్లు తీసి మూలన పడేశాను.

అమ్మను డాక్టరు దగ్గరికి ఆమే తీసుకుపోయింది. గోరు పక్కన అప్పటికే పుండు పడింది. మాత్రలు ఇస్తాను గానీ, రోజంతా ఇలాగే నానితే నడక కూడా కష్టమవుతుందన్నాడాయన. శాంతమ్మక్క నేరుగా షెడ్డు షావుకారు దగ్గరికి వెళ్లి, ఆడవాళ్లు నిలబడడానికి ఎత్తుగా చెక్కలు వేయించమంది. నేల తడవకుండా అద్దకం అవుతుందా అని ఆయన నవ్వాడు.

"నేల తడవనీ అప్పా. కాళ్లెందుకు తడవాల?"

కష్టమైనవాళ్లు ఇంట్లో కూర్చోవచ్చన్నాడు. మా ఇల్లు గడిచేదే అమ్మ కూలితో. పూజలో పెద్దల కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకునే మనిషికి, కూలిదాని కాలు కాలుగా కనబడలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నా నోరు ఊరుకోదు. శాంతమ్మక్క మాత్రం అరవలేదు. పాత చెక్కల కోసం ఇల్లిల్లూ తిరిగింది. ఎమ్మిగనూరులో మూలనపడ్డ మగ్గం లేని వీధి ఏది? మర్నాడు అమ్మ పాత మగ్గం చెక్కలు నెత్తిన పెట్టుకుని పనికి పోయింది. వారం తిరిగేసరికి షెడ్డులో అందరి కాళ్ల కిందా చెక్కలే. అందరినీ మాన్పిస్తే నూలు ముంచేదెవరు? షావుకారు చూడనట్టు ఊరుకున్నాడు.

ఆ ఏడు పుండు మానక అమ్మ వార్షికోత్సవానికి రాలేకపోయింది. రోజూ సాయంత్రం కాళ్లు సబ్బుతో కడుక్కుని, వేళ్ల సందులు పొడిగుడ్డతో తుడుచుకుని, బాగా ఆరాకే చెప్పులు వేసుకునేది. శాంతమ్మక్క గోళ్లు మరీ లోపలికి పోకుండా తిన్నగా కత్తిరించేది. ఆ కత్తెర ఇంకెవరూ ముట్టకూడదనేది.

మరుసటి ఏడు వార్షికోత్సవానికి అమ్మ చెప్పులతో వచ్చి, శాంతమ్మక్క పక్కన ముందు వరుసలో కూర్చుంది. నా స్నేహితురాలొకతె వంగి అమ్మ కాలి వైపు చూసింది. అంత జరిగాక కూడా నేను ఒక అడుగు ముందుకేసి, ఆ కాలికి అడ్డంగా నిలబడ్డాను.

అమ్మ నన్ను చేత్తో పక్కకు నెట్టింది.

"సూడనీలే పాపా" అని, కాలు చాపి ఆ అమ్మాయికే చూపించింది. "కొసన పాతది. మొదల్లో సూడు, తెల్లగా వస్తాంది."

ఇవాళ నేను ఎవరి మీద విరుచుకుపడినా, నా కోపంలో సగం ఆ అడుగు ముందుకేసిన పిల్ల మీదే.