సూర్యుడి మీద మెమో

ఆ రోజుల్లో సర్కారు ఉద్యోగం వచ్చినవాడికి దాంతోపాటు కొమ్ములు కూడా వచ్చేవి. నాకు కాస్త పెద్దవే వచ్చాయి. ఎనభైల చివర్లో దుమ్ముగూడెం దగ్గర గోదావరి ఒడ్డున, వరద కబుర్లు పంపే గదిలో నేను వైర్‌లెస్ ఆపరేటర్‌ని. బల్ల మీద సెట్టు, బల్ల కింద లారీ బ్యాటరీ, గది మీంచి ఇప్పచెట్టు దాకా కట్టిన ఏరియల్ తీగ, అదీ నా సామ్రాజ్యం. (కుర్చీకి మూడు కాళ్లే గట్టివి. నాలుగోది ఇటుక.) నీటిమట్టం చూసేది గేజి తాత. పక్క కోయగూడెం నుంచి నడిచొచ్చి, పాతికేళ్లుగా ఒడ్డున పాతిన రాళ్ల మీది గీతలు చదువుతున్న మనిషి. ఆయన చెప్పిన అంకెను నేను భద్రాచలం ఆఫీసుకు పంపాలి. ఖాళీ ఉన్నప్పుడు తాత సెట్టునే చూస్తూ కూర్చునేవాడు. "ముట్టుకోకు తాతా, దానికి ట్రైనింగ్ కావాలి" అనేవాణ్ణి. "ముట్ట సారూ, ఉత్తగ చూస్తున్న" అనేవాడు.

నా ప్రొబేషన్ ముగియడానికి ఇంకో వారం ఉంది. ఒక్క రీడింగ్ తప్పినా పర్మినెంటు మాట మరిచిపొమ్మని భద్రాచలంలోని మా ఇంజనీరు ముందే చెప్పాడు. పలకరింపు కన్నా ముందు మెమో ఇచ్చే అలవాటు వల్ల ఆయన్ని మెమో సార్ అనుకునేవాళ్లం.

సరిగ్గా ఆ వారంలోనే వరద వచ్చింది. మా దగ్గర చినుకు లేదు, ఎండ ఫెళ్లున కాస్తోంది. పైనెక్కడో కురిసిన నీళ్లు మాత్రం ఎర్రగా దిగుతున్నాయి. పన్నెండు గంటలకు తాత వచ్చి, పొద్దుటి మీద రెండడుగులు పెరిగిందన్నాడు. నేను మైకు నొక్కి "హలో భద్రాచలం" అన్నాను. జవాబు లేదు. ఎప్పుడూ వినిపించే గరగర కూడా లేదు. ఫ్యూజు మార్చాను. బ్యాటరీ టెర్మినళ్ల మీది చిలుము గీకాను. ఇప్పచెట్టెక్కి తీగను ఇంకో కొమ్మకు కట్టాను (అక్కడ కాపురముంటున్న ఎర్రచీమలకు అది నచ్చలేదు). కింద నుంచి తాత "జర ఆగు సారూ, కొంచెంసేపైతే అదే పలుకుతదేమో" అన్నాడు. "నీకేం తెలుసు తాతా, ఇది మిషను!" అని కసిరాను. "అవ్ సారూ" అన్నాడు పాపం.

సెట్టు పలకకపోతే నేనే సెట్టునవుతాను అనుకున్నాను. రీడింగ్ కాగితం మీద రాసి, మడిచి టోపీలో పెట్టి సైకిలెక్కాను. వాగు దగ్గర సైకిలే నన్నెక్కింది. రెండుసార్లు బురదలో పడ్డాను, ఒకసారి చైను ఊడింది. ఎలాగైతేనేం, ఆఫీసులో అడుగుపెట్టి "రెండడుగులు పెరిగింది సార్!" అని అరిచాను.

మెమో సార్ నన్ను కింది నుంచి పైకి చూశాడు. "తెలుసు. ఒంటిగంటకే వచ్చింది. నువ్వు స్టేషన్ ఇడిచిపెట్టి ఈడేం చేస్తున్నవ్?"

"సెట్టు పలకలేదు సార్" అన్నాను. సెట్లు బాగుచేసే మెకానిక్ మామ అడ్డుపడ్డాడు. ఆయనకు షార్ట్‌వేవ్ రేడియో పిచ్చి. "పిలగాని తప్పు లేదు సార్. గంటసేపు ఎగువన చర్ల స్టేషన్ సెట్టు గూడ మూగబోయింది. సూర్యుని మీద మంట పేలింది. ఎనిమిది నిమిషాలల్ల ఆ దెబ్బ మన మీదికొచ్చి, మన మాటల్ని పైన గాలిపొరలల్లనే మింగేస్తది. ఒక్కోపాలి దాని ఎనకనే తుఫాను గూడ బయల్దేరుతది. బుధుడు పక్కనే ఉంటడు గద, దెబ్బలన్నీ ఆయనకే ముందు. భూమికి అయస్కాంతం గొడుగుంది, అంగారకునికి అది గూడ లేదు, ఉన్న కొంచెం గాలిని ఊడ్చుకపోతది. గురుడి దాంక పోయేటాల్లకు వారం దాటుతది. ఆయన గొడుగు పెద్దది, నెత్తి మీద రంగు దీపాలు ఎలిగించుకొని కూసుంటడు."

(బుధుడి మీద ఎవరైనా ఆపరేటరుంటే వాడికి ప్రొబేషన్ ఎప్పటికీ పూర్తికాదని నాకనిపించింది.)

"ఫైలుకు కారణం కావాలె, రాసియ్యి" అన్నాడు మెమో సార్. 'సూర్యుడు' అని రాసి సంతకం పెట్టాను. ఆయన చదివి, "సూర్యుడు మన డిపార్ట్‌మెంట్ కింద రాడు. నువ్వొస్తవ్" అని మెమో కాగితం ముందుకు లాక్కున్నాడు. నా పర్మినెంటు ఆశ అక్కడే ఆవిరైపోయింది.

అప్పుడు మెకానిక్ మామ రిజిస్టరు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ఒంటిగంటకు దుమ్ముగూడెం నుంచి వచ్చిన మాటను ఇక్కడి ఆపరేటర్ ఉన్నదున్నట్టు రాసుకున్నాడు: "నేను గేజి తాతను. పొద్దటి మీద రెండడుగులు పెరిగింది. మా సారు కాయితం పట్టుకొని సైకిల్ మీద వస్తుండు. పొద్దుగాల సంది అన్నం తినలే. ఇంత పెట్టి పంపుండ్రి. ఓవర్."

మెమో సార్ రెండుసార్లు చదివాడు. మెమో కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "పో, ముందు తిను" అన్నాడు. హోటల్లో సాంబారు కారంగా ఉందని అందరికీ చెప్పాను గానీ, కళ్లనీళ్లు సాంబారువి కావు.

మర్నాడు పొద్దున్నే తాతకు కుర్చీ చూపించి కూర్చోమన్నాను. "ట్రైనింగ్ కావాలె గద సారూ?" అన్నాడు. సిగ్గుపడుతూ మైకు ఆయన చేతిలో పెట్టాను. వారానికి ఉద్యోగం పర్మినెంటైంది, కొమ్ములు మాత్రం ఆ రిజిస్టరు ముందే రాలిపోయాయి.

ఇప్పుడు రిటైరయ్యాను, తాత లేడు. సౌర తుఫాను వస్తోందని ఫోన్లో వార్త కనబడితే, టోపీలో కాగితం పెట్టుకుని సూర్యుడితో పోటీకి సైకిల్ తొక్కిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఆ వెంటనే, ఆకలి ఉన్నా లేకపోయినా, లేచి వెళ్లి అన్నం పెట్టించుకుంటాను.