ఓబులేసన్న మోకాలికి నేను రాసిన ఆరు వారాలు

మూడేళ్ళ కిందటి మాట. గుంతకల్లులో రైల్వే క్వార్టర్లకు దగ్గరగా ఒక గది అద్దెకు తీసుకుని ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతున్నాను. వచ్చేవాళ్ళలో సగం మంది నడుము పట్టేసిన గుమాస్తాలు, మిగతా సగం మోకాళ్ళు అరిగిన అవ్వలు. చలి మొదలైన రోజుల్లో వచ్చాడు ఓబులేసన్న. నలభై నాలుగేళ్ళ మనిషి, రైల్వేలో కీమ్యాన్. భుజాన సుత్తి, స్పానర్ వేసుకుని తన బీటు పొడుగునా పట్టాల వెంబడి నడుస్తూ, వదులైన బిగింపులను సరిచేయడం ఆయన పని.

"కుడి మోకాలు బయటిపక్క నొస్తాండాది మేడం. దిగుడు వస్తే సూది గుచ్చినట్ల ఉండాది" అన్నాడు.

అది ఐటీ బ్యాండ్ నొప్పి. తొడ బయటివైపు నుంచి మోకాలి కింది దాకా పోయే గట్టి పట్టీని అట్లా అంటాం. మనిషి రోజంతా ఎలా నడుస్తాడో తెలుసుకోకుండా నేను వ్యాయామం చెప్పను. అడిగితే బయటపడింది. పోయేటప్పుడు పట్టాల నడుమ, అడ్డంగా పరిచిన స్లీపరు దిమ్మెల మీద నడుస్తాడు, తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఎప్పుడూ ఒకే పక్క కంకర వాలు మీద. ఏళ్ళ తరబడి ఒక కాలు పైన, ఒక కాలు కింద. రోజు విడిచి రోజు అవతలి పక్కన నడవమన్నాను, నాలుగు వ్యాయామాలు నేర్పాను. నెల తిరక్కుండానే నొప్పి పోయింది.

అక్కడితో ఆగితే ఇది చెప్పుకునే కేసే కాదు. మా ఊళ్ళో పరుగు పిచ్చి ఉన్నవాళ్ళం కొందరం ఏటా డిసెంబరులో హాఫ్ మారథాన్ పెట్టుకుంటాం. ఇరవై ఒక్క కిలోమీటర్లు. నలభై దాటినవాళ్ళు డాక్టరు దగ్గరో ఫిజియో దగ్గరో ఫిట్‌నెస్ కాగితం తేవాలి. గోడ మీది పోస్టరు చూసి ఓబులేసన్న అడిగాడు.

"ఇరవై రెండేండ్లు పట్టాల మధ్యనే ఒంటిగా నడిచినా మేడం. ఒక్కసారి రోడ్డు మీద, నలుగురితో కలిసి పరిగెత్తల్లని ఉండాది. కాగితం రాసిస్తారా?"

ట్రెడ్‌మిల్ ఎక్కమన్నాను. నేను రేసులో పరిగెత్తాలని కలలుగనే వేగమే పెట్టాను. ఐదేళ్ళుగా సాధన చేస్తున్నాను నేను. ఖరీదైన బూట్లు, చేతికి వాచీ, తిండికి లెక్కలు. అయినా రెండు గంటల నాలుగు నిమిషాలకు తగ్గలేదు. రెండు గంటల లోపు పరిగెత్తడం ఒక్కటే నా కోరిక. ఆ వేగానికి అరగంటకే నోరు తెరుస్తాను. ఆయన మాత్రం వట్టి కాళ్ళతో నలభై నిమిషాలు పరిగెత్తాడు, మధ్యలో కూతురి పదో తరగతి మార్కులు కూడా చెప్పాడు! పొట్టి అడుగులు, అన్నీ ఒకే కొలత. నిమిషానికి పడే అడుగులను కేడెన్స్ అంటాం, మేం పుస్తకాలు చదివి దానికోసం తంటాలు పడతాం. స్లీపర్లు ఆయనకు అప్పనంగా నేర్పేశాయి.

దాచుకునేదేముంది, కుళ్ళుకున్నాను. మోకాలు నొక్కి చూశాను, వంచి చూశాను, శుభ్రంగా ఉంది. రేసు ఇంకా మూడు వారాలుంది. బల్ల దగ్గరికి పోయి కాగితం మీద రాశాను: 'ఆరు వారాలు పరుగు వద్దు.'

"లోపల వాపు కనపడుతోందన్నా. ఈ ఏడాదికి వద్దులే" అన్నాను, మొహం చూడకుండా.

"మీరు చెప్తే సరే మేడం" అన్నాడు. మరునాడు వేయించిన శెనక్కాయలు సంచి నిండా తెచ్చిచ్చి పోయాడు. నేను ఒక్కటీ తినలేదు, వచ్చిన రోగులకు పంచేశాను.

రేసు రోజు తుపాను ముసురు. చలిగాలి చెవులు కోసేస్తోంది. సగం మంది రానేలేదు. పోయేటప్పుడు గాలి వెనకనుంచి తోసింది, పదిన్నర కిలోమీటర్లు యాభై ఆరు నిమిషాల్లో పోయాను. మలుపు తిరిగాక అదే గాలి ఎదురైంది. పదమూడో కిలోమీటరు దగ్గర పిక్క పట్టేసి రోడ్డు పక్కన కూలబడ్డాను. అక్కడ గొంగళి కప్పుకుని నిలబడి ఉన్నాడు ఓబులేసన్న. సెలవు రోజట, నేను పరిగెత్తేది చూద్దామని వచ్చాడట.

"ఏమైంది మేడం? యాడ పట్టింది?" అంటూ పిక్క గట్టిగా రుద్ది నన్ను లేపాడు. గొంగళి తీసి నడుముకు చుట్టుకున్నాడు. "నా ఎనకాలే రాండి. గాలికి నేను అడ్డముంటా. అడుగు పొడుగు తీయొద్దు, స్లీపరు మీద పడినట్ల పడల్ల."

డ్యూటీ బూట్లతో ఎనిమిది కిలోమీటర్లు నా ముందు పరిగెత్తాడు. తల ఎత్తకుండా ఆయన మడమలు చూస్తూ వెనకాలే పోయాను. ముగింపు గీతకు ఇరవై అడుగుల దూరంలో ఆయన పక్కకు తప్పుకున్నాడు.

"నాకు నంబరు ల్యా గదా. మీరు పోండి!"

ఒక గంట యాభై ఎనిమిది నిమిషాలు. మెడలో పతకం వేశారు. వెనక్కి వచ్చేసరికి ఆయన వానలో మోకాలు తడుముకుంటున్నాడు.

"ఆరు వారాలు వద్దన్నారు, మూడే అయినాయి. మీరు కూలబడితే ఆగలేకపోయినా. మోకాలికి ఏమన్నా అయితాదా మేడం? కోప్పడొద్దండి."

ఇక నా వల్ల కాలేదు. "నీ మోకాలు ఆ పొద్దే బాగుండాదన్నా. నీ పరుగు చూసి ఓర్వలేక అట్ల రాసినా" అన్నాను.

మోకాలి మీంచి చెయ్యి తీసేశాడు. "ఈ మూడు వారాలూ ఒక్కో స్లీపరు మీద అడుగేసేటప్పుడు మోకాలు పోతాదేమో, ఉద్యోగం పోతాదేమోనని భయపడి నడిచినా మేడం. అది మీకు తెల్సా?" అన్నాడు. గొంగళి తల మీదికి లాక్కుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. మళ్ళీ నా క్లినిక్ మెట్లెక్కలేదు.

మా వృత్తిలో కీలు లోపల ఏముందో రోగికి కనపడదు. మేం ఏది చెబితే అదే నమ్మి దాని మీద అడుగేస్తాడు. ఆ మాటతో నేను ఆడుకున్నాను. అప్పటినుంచి పరీక్షలో తేలింది ఏదైనా మనిషి ట్రెడ్‌మిల్ దిగకముందే చెప్పేస్తున్నాను, బల్ల దాకా పోయి ఆలోచించే వ్యవధి నాకు నేను ఇచ్చుకోను. నేను పరిగెత్తే రేసుకు కాగితం కావాలన్న వాళ్ళను వేరే ఫిజియో దగ్గరికి పంపిస్తాను.

మరుసటి ఏడాది ఓబులేసన్న పరిగెత్తాడు, ఒక గంట నలభై ఆరు నిమిషాల్లో. నేను మళ్ళీ రెండు గంటలు దాటేశాను. ఆ సంగతి నన్నంత బాధపెట్టలేదు. పరుగుకు ముందు నంబర్లు పంచే బల్ల దగ్గర ఆయన ఫిట్‌నెస్ కాగితం చూశాను. కింద ఆదోని ఫిజియో ఎవరిదో సంతకం. బస్సెక్కి అంత దూరం పోయి రాయించుకున్నాడు. ఆయన నమ్మిన ఆ సంతకాన్ని చూసి కుళ్ళుకున్నట్టు ఓబులేసన్న కాళ్ళను చూసి కూడా నేనెప్పుడూ కుళ్ళుకోలేదు.