మూడు దినాలు మూతపడ్డ రేడియో

మా ఊళ్లో రెండు పార్టీలు. ఒకరు తూర్పు అంటే రెండోవాళ్లు పడమర అనాల్సిందే. యాడికి అనే సంత ఊరికి ఆమడ దూరంలో, వాన చుక్క కోసం ఆకాశంకేసి చూసి చూసి మెడలు పట్టేసిన అలాంటి ఊరికి యాభై తొమ్మిదిలో పంచాయతీ రేడియో వచ్చింది. ఎవరింట్లో పెట్టాలని కొట్లాట మొదలై, రెండు తలలు పగిలాక చావడిలో పెట్టాలని తేలింది. తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్నది ఇంకో తగువు. ఏ పార్టీలోనూ లేని మనిషి కోసం వెతికితే ఊరంతటికీ ఓబుళేసు ఒక్కడే దొరికాడు. మంచివాడని కాదు. సెంటు భూమి లేనివాణ్ని ఏ పార్టీ వాళ్లూ పిలవలేదు, అంతే.

ఓబుళేసు మేకలు కాసేవాడు. పెళ్లి కాలేదు. రేడియో వచ్చాక ఆ పెట్టెతోనే కాపురమని మేం ఎగతాళి చేసేవాళ్లం. సాయంత్రం కాళ్లు కడుక్కుంటే గాని తాళం తీసేవాడు కాదు. బ్యాటరీ అయిపోతే గోనెసంచిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తాడిపత్రికి తీసుకుపోయేవాడు. కండక్టరు కింద పెట్టమంటే, "నీ బిడ్డనైతే కింద పెడ్తావా అన్నా?" అనేవాడు.

రేడియో వచ్చిన మరుసటేడు ఒక పార్టీ పెద్ద చచ్చిపోయాడు. ఊళ్లో పీనుగ ఉండగా పాటలేమిటని ఓబుళేసు రేడియో మూశాడు. మూడో దినం అయ్యేదాకా తెరవొద్దని వాళ్ల మనుషులు అడ్డం పడ్డారు. సరేనన్నాడు. కొన్నాళ్లకు రెండో పార్టీ ఇంట చావు వచ్చింది. మేమేం తక్కువ తిన్నామని వాళ్లూ మూడు దినాలే అడిగారు. అప్పటినుంచి ఊళ్లో ఎవరు పోయినా మూడో దినం దాకా రేడియో మూతే. మా పార్టీల పుణ్యమా అని అదొక కట్టుబాటైపోయింది.

అరవై నాలుగులో, వేరుశనగ చేలల్లో కలుపు తీసే రోజుల్లో రేడియో వాళ్లు జీపులో వచ్చారు. పల్లె పాటలు టేపు మీద ఎక్కించుకుపోయి రేడియోలో వేస్తారట. ఊరంతా చేలల్లో ఉంది. కాలికి ముల్లు దిగి ఇంటిపట్టున ఉన్న చిన్నక్క అనే పిల్ల ఒక్కతే దొరికింది. కూలి చేసుకుని బతికే నల్లమ్మ కూతురు ఆమె. మొగుడు పోయిన నల్లమ్మకు ఆ పిల్లే లోకం. నల్లమ్మకు వచ్చినన్ని పాటలు మా చుట్టుపక్కల ఎవరికీ రావు. అన్నీ కూతురికి నేర్పింది. ఓబుళేసు పోయి చిన్నక్కను పిలుచుకొచ్చాడు. చావడిలో అతనూ ఆ జీపువాళ్లూ తప్ప ఎవరూ లేరు. ఒకే ఒక్క పాట పాడింది. మాకూ వినిపించండని ఓబుళేసు అడిగితే, పొద్దుపోతోంది, రేడియోలో వినండని చెప్పి వెళ్లిపోయారు.

సాయంత్రం నల్లమ్మ చావడికొచ్చి ఓబుళేసును దులిపేసింది. "పెండ్లి కావల్సిన పిల్ల గొంతు ఊరూరా ఇనిపిస్తావా? రేపు దీన్ని ఎవురు చేసుకుంటారప్పా?" కోపం ఎన్నాళ్లుంటుంది! నాలుగు రోజులకే, ఏం పాట పాడినావే అని కూతురి వెంటపడింది. చిన్నక్క నవ్వేదే గాని చెప్పేది కాదు. "రేడియోలో ఇందువులేమ్మా. ఇప్పుడే సెప్తే రుసేముంటాది?" అనేది. ఏ రోజు వేస్తారో తెలియదు కాబట్టి తల్లీ కూతుళ్లు రోజూ చావడి మెట్ల మీద వచ్చి కూర్చునేవాళ్లు.

ఆ తర్వాత వాన మొహం చాటేసింది. బావులు అడుగంటాయి. బురదనీళ్లే వడగట్టుకుని తాగాం. ఊరికి వాంతులు, బేదులు పట్టుకున్నాయి. చిన్నక్క పొద్దున మంచం పట్టింది, సాయంత్రానికి లేదు. ఇప్పుడు తలుచుకున్నా నాకు దుఃఖం ఆగదు.

మర్నాడు చావడి దగ్గర పెద్దలు చేరారు. "పీనుగ లేసిపాయ గదా. కూలోళ్ల పిల్లకు మూడు దినాలు యాలప్పా? పెట్టు రేడియో," అన్నారు. రెండు పార్టీలూ ఒక్క మాట మీద నిలబడటం ఊరు పుట్టాక అదే మొదలు. ఓబుళేసు తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "పెద్దోళ్లకొక సావు, కూలోళ్లకొక సావా? నన్ను సంపి తెరుసుకోండి," అన్నాడు. అంతకుముందెప్పుడూ ఎవరిమీదా నోరెత్తని మనిషి. చెంప పగలగొట్టారు. అయినా కదల్లేదు. మూడు దినాలూ రేడియో పలకలేదు. సంగతి విని నల్లమ్మ అతనికి రెండు చేతులెత్తి దండం పెట్టింది.

ఆ వారమే యాడికి సంతలో పక్క ఊరి ఎర్రన్న నల్లమ్మకు ఎదురుపడ్డాడు. చావు సంగతి అతనికి తెలియదు. "మొన్న రేడియోలో మీ పిల్ల పేరు సెప్పినారు నల్లమ్మా! మా ఇంట్లోవాళ్లను పిల్సుకొని వచ్చేలోపల పాట అయిపాయ. పిల్ల బాగుండాదా?" అన్నాడు. మొన్న అంటే మా రేడియో మూత వేసి ఉన్న రెండో దినం. నల్లమ్మ తలమీది గంప దించి సంత మధ్యలోనే కూలబడింది.

ఓబుళేసుకు అన్నం సహించలేదు. మేకలను నాకు అప్పగించి, ఆ పాట మళ్లీ వేయమని అడగడానికి రైలెక్కి రేడియో స్టేషనుకు పోయాడు. టేపు చెరిపి, దాని మీద వేరే కార్యక్రమం ఎక్కించేశామని అక్కడ చెప్పారు. తిరిగొచ్చేసరికి బస్సు ఆగేచోట నల్లమ్మ కాచుకుని ఉంది. ఆ మొహం చూశాక నిజం చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"మళ్లా ఏస్తారంట. ఎప్పుడనేది సెప్పలేదు," అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఏళ్ల తరబడి చావడి మెట్ల మీద కూర్చుంది. అసలు సంగతి ఓబుళేసు నాకొక్కడికే చెప్పుకున్నాడు. ఒకసారి పట్టలేక, ఆమెకు నిజం చెప్పెయ్యమని అతని మీద అరిచాను. "సెప్తే ఆ యమ్మ బతకదన్నా," అన్నాడు.

తర్వాత ఇళ్లల్లోకి ట్రాన్సిస్టర్లు వచ్చాయి. చావడికి వచ్చేవాళ్లు తగ్గి తగ్గి, చివరికి నల్లమ్మ ఒక్కతే మిగిలింది. అరవై తొమ్మిదిలో పంచాయతీ రేడియో చెడిపోయింది. ఇక బాగు చేయించేది లేదన్నారు. ఆ సాయంత్రం ఓబుళేసు నన్ను తోడు రమ్మని పిలిచి, నల్లమ్మ ముందు కూర్చున్నాడు.

"రేడియో ఇంగ పలకదు నల్లమ్మా. పలికినా ఆ పాట రాదు. దాన్ని అప్పుడే సెరిపేసినారంట. నేను నీకు అబద్ధం సెప్పినా."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. నల్లమ్మ మెల్లగా అడిగింది.

"పోనీలేప్పా. పాడేటప్పుడు నువ్వు ఆడనే ఉంటివి గదా. ఏం పాట పాడె నా బిడ్డ?"

ఓబుళేసు వెక్కివెక్కి ఏడ్చాడు. "ఆ మిషను మీద సక్రాలు తిరుగుతాంటే వాటినే సూస్తాంటినమ్మా. పాట మీద నాకు గ్యానం లేదు."

నల్లమ్మ గొంతు సవరించుకుని ఒక నాట్ల పాట అందుకుంది. రెండు చరణాలు పాడి, "ఇదేనా?" అంది. ఓబుళేసు తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఇంకోటి పాడింది. విసుర్రాయి పాట, కలుపు పాట, జోల పాట, కూతురికి నేర్పినవన్నీ ఒకటి తర్వాత ఒకటి పాడి, ప్రతిదానికీ ఆగి అతని మొహంలోకి చూసింది. ఏదో ఒకదానికి అవునంటే ఆ తల్లి లేచి ఇంటికి పోయేది. ఇంకొక అబద్ధం చెప్పడం ఓబుళేసుకు చేతకాలేదు.