కాస్టిక్ పడిన కంట్లో నిమ్మరసం పిండారు

ఉడుకుతున్న గంగాళంలోంచి నూలు కట్టను కట్టెతో పైకి లేపుతున్నాను. కట్ట జారి మళ్లీ లోపల పడింది. చిందిన నీళ్లు నా కుడి కంట్లో పడ్డాయి. మొదటి క్షణం మంట కూడా తెలియలేదు. కన్నంతా సబ్బు రాసినట్టు జారుడుగా అనిపించింది. ఆ వెంటనే మంట మొదలైంది. ఆ మంట ఎలాంటిదో చెప్పడానికి నాకు మాట దొరకదు.

మాది మెట్‌పల్లి. అద్దకం షెడ్డులో నాలుగేళ్లు నూలు ఉడకబెట్టాను. నూలుకున్న జిడ్డు పోవడానికి నీళ్లలో కాస్టిక్ సోడా కలుపుతారు. కళ్లకు అద్దాలు ఇమ్మని రెండుసార్లు అడిగాను. నవ్వి ఊరుకున్నారు.

నాతో పనిచేసే ముసలామె లచ్చవ్వ నా రెక్క పట్టి నీళ్ల నల్లా వైపు గుంజింది. సూపర్‌వైజర్ సుధాకర్ అడ్డం నిలబడ్డాడు. అతను డిగ్రీలో కెమిస్ట్రీ చదివాడు. ఆ సంగతి మాకు రోజూ గుర్తుచేసేవాడు.

"నీళ్లు పొయ్యకుండ్రి. కాస్టిక్‌కు నీళ్లు తాకితే కాగుతది. నిమ్మకాయ పిండితే రెండు కలిసి ఉప్పు, నీళ్లయితయ్" అన్నాడు.

నిమ్మకాయలకు మనిషిని పంపాడు. నల్లా పది అడుగుల దూరంలో ఉంది. నేను కన్ను పట్టుకుని నేలమీద కూర్చున్నాను. నిమ్మకాయలు వచ్చేదాకా అతను నన్ను లేవనివ్వలేదు. రసం పిండినప్పుడు నేను అరిచిన అరుపుకు పక్క షెడ్డులో మగ్గాలు ఆపారట.

నా భర్త యోహాను కిరాయి కారు తెచ్చాడు. దగ్గర్లోని దవాఖానాలో ఒక్క సెలైన్ సీసాతో కడిగి కరీంనగర్ పొమ్మన్నారు. దారి పొడుగునా లచ్చవ్వ నా రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని బాటిల్ తర్వాత బాటిల్ నీళ్లు పోసింది. సీటు తడుస్తోందని డ్రైవర్ సణిగాడు. ఆమె వినలేదు.

కరీంనగర్‌లో డాక్టరమ్మ ముందు అడిగింది ఒక్కటే, ఎంతసేపు కడిగారని. సిస్టర్ నా కింది రెప్ప లోపల సన్నని కాగితం ముక్క తాకించి, దాని రంగును డబ్బా మీది రంగులతో పోల్చి చూసింది. పీహెచ్ తొమ్మిది అంది. సెలైన్ ధార పెట్టారు. కొంతసేపు కడగడం, ఆపడం, మళ్లీ కాగితం. ఎనిమిదిన్నర. మళ్లీ ధార. ఎనిమిది. ఏడు దగ్గరికి రావాలన్నారు. ఆ అంకె కోసం నేను ఎంత ఎదురుచూశానో దేవునికే తెలుసు.

"తొమ్మిదికి, ఏడుకు మధ్య రెండే కదా" అని యోహాను అన్నాడు.

"రెండు మెట్లే. కానీ ఒక్కో మెట్టుకు ఘాటు పదింతలు. అంటే వందింతలు" అంది డాక్టరమ్మ. ఏడు మంచినీళ్ల లెక్క అనీ, అంతకు కిందివి యాసిడ్లు, పైవి క్షారాలు అనీ చెప్పింది. యాసిడ్ పడితే పైపొర గట్టిపడి కొంతవరకు అడ్డుకుంటుందట. క్షారం అలా ఆగదు, కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోపలికి పోతూనే ఉంటుంది. అంటే, నాకు జారుడుగా తగిలింది నా కన్నే.

రిపోర్టులో ఆల్కలీ బర్న్, గ్రేడ్ త్రీ అని రాశారు. నల్లగుడ్డు మీది పొర, కార్నియా, తెల్లబడింది. రెండో వారంలో కంట్లో ప్రెషర్ పెరిగి తల పగిలిపోయేది. రెప్ప కంటిగుడ్డుకు అతుక్కోకుండా రోజూ గాజు పుల్లతో విడదీసేవారు. విటమిన్ సి బిళ్లలు ఇచ్చినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇదీ నిమ్మకాయే కదా అన్నాను. "ఇది కడుపులకు. కంట్ల పోసేది గాదు" అంది డాక్టరమ్మ.

సుధాకర్ మూడో రోజే ఆపిల్ పండ్లతో వచ్చాడు. నన్ను పలకరించకముందే డాక్టరమ్మతో వాదన పెట్టుకున్నాడు. యాసిడ్, క్షారం కలిస్తే న్యూట్రల్ కావాలి కదా మేడం అన్నాడు.

"గాజు గ్లాసుల, కొలిచి పోస్తే అయితది. అప్పుడు గూడ వేడి పుడతది. కంట్ల ఎంత పడ్డదో నువ్వు కొలిచినవా? అయినా అది ముందే నీళ్లల్ల కలిసిన కాస్టిక్. ఇంక కొత్తగ కాగేదేముంది? నువ్వు నిమ్మకాయలు తెప్పించే లోపల అది కన్ను తిన్నది. దారిల నీళ్లు పోసిన ముసలమ్మ లేకుంటే ఈమెకు గీ కన్ను పూర్తిగ పోతుండె."

అతను నా వైపు తిరిగి, మంచికే చేసిన అక్కా అన్నాడు.

"పండ్లు తీస్కపో. మళ్ల రాకు" అన్నాను.

మా పాస్టరు గారు వచ్చి సుధాకర్‌ను క్షమించమన్నారు. ప్రార్థన చేయించుకున్నాను, ఆమెన్ అన్నాను. కానీ క్షమించలేదు. తెలియక చేసినవాడి మీద నాకు ఇంత కోపం ఉండేది కాదు. తనకంతా తెలుసని నన్ను నేలమీద కూర్చోబెట్టినవాడి మీద ఉంది.

ఏడు నెలల తర్వాత హైదరాబాద్‌లో ఎడమ కన్ను అంచు నుంచి, కొత్త పొర పెరిగేలా చేసే స్టెమ్ సెల్స్ తీసి కుడి కంటికి వేశారు. మొదటి వారం ఆ పొర కింద రక్తం గూడుకట్టి మళ్లీ భయపెట్టింది. మెల్లగా కుదుటపడింది. ఇప్పుడు ఆ కంటితో మనిషి ఆకారం, చేతివేళ్లు కనబడతాయి. సూదిలో దారం ఎక్కించలేను, ఎండలో నీళ్లు కారతాయి. బడిలో పిల్లలకు మధ్యాహ్నం వంట చేస్తున్నాను. షెడ్డుకు మళ్లీ పోలేదు. గంగాళం పక్కనే నల్లా, పొడుగు పైపు పెట్టించేదాకా లచ్చవ్వ అక్కడ అందరితో కొట్లాడింది. సుధాకర్ ఇంకా అక్కడే సూపర్‌వైజర్.

మీకు చెప్పేది ఒక్కటే. కంట్లో యాసిడ్ పడ్డా, కాస్టిక్ పడ్డా, సున్నం పడ్డా, రెప్పలు తెరిచి పట్టుకుని అరగంటకు తక్కువ కాకుండా మంచినీళ్లతో కడగండి. దవాఖానాకు పోతూ కూడా కడుగుతూనే ఉండండి. మధ్యలో ఎవరైనా చదువుకున్నవాడు నిమ్మకాయ పట్టుకుని అడ్డం వస్తే, అతన్ని తోసేసి నల్లా తిప్పండి.