ఉప్పు తప్ప అన్నీ మావే

మా ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన చెప్పే మాట ఒకటే. "ఉప్పు తప్ప మేం బయట ఏదీ కొనమండి." బియ్యం మా పల్లపు చేలోవి, కందులు మావే, నూనె మా వేరుశనగలదే, పాలు మా గేదెవే. నిజాంపట్నం నుంచి వచ్చే చేపలామెకి బియ్యం కొలిచిచ్చి చేపలు తీసుకుంటాం, అదీ కొనడం కిందికి రాదట. ఫోన్లో ఆయన వీడియోలు చూసి తెనాలి నుంచీ, ఇంకా అటుపక్కల నుంచీ జనం కార్లేసుకుని వస్తారు. కర్లపాలెం దాటాక ఇసుక దారిలో ఆగి, అడిగి మరీ వస్తారు. ఆయన చెబుతాడు, వాళ్లు నోరు తెరుచుకుని వింటారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

అన్నీ మావే, నిజమే. ఆ అన్నిటికీ నీళ్లు మోసేది మాత్రం నేను. ఆ ముక్క ఏ వీడియోలోనూ ఉండదు. సొమ్మొకడిది, సోకొకడిది.

మాది సముద్రానికి దగ్గర ఇసుక నేల. ఇక్కడ మాకు దొరువే ఆధారం. దొరువంటే ఇసుకలో తవ్విన వెడల్పాటి గుంట, ఏటవాలుగా దిగి కడవ ముంచుకోవాలి. పైనుండేవి వాన ఇచ్చిన మంచినీళ్లు. వాటి అడుగున ఉప్పునీళ్లు కాచుకుని ఉంటాయి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు వంట కన్నా ముందు నాకు ఇదే నేర్పింది. ఎండాకాలం చివర్లో దొరువును తొందరపెట్టకూడదు. కాసిని కడవలు ముంచి ఆగాలి, ఊరాక మళ్లీ ముంచాలి. ఒక్కసారిగా తోడేస్తే కింది ఉప్పు పైకి లేస్తుంది. "గేదె పాలు చేపేదాకా ఆగవూ? దీనికీ అంతే" అనేది ఆవిడ.

ఈ ఏడు రోహిణి కార్తె రోళ్లు పగలగొట్టింది. దొరువులో నీళ్లు బాగా దిగిపోయాయి. తెల్లారకముందే లేచి బెండ మొక్కలకూ వంగ మొక్కలకూ మొదళ్లలో చెంబుతో పోసేదాన్ని. పగలంతా కందిపప్పుకి ఆముదం పట్టించి ఎండబెట్టడం, వడియాలు పెట్టడం, కాకుల్ని తోలడం. మధ్యమధ్యలో దొరువు దగ్గరికి పోయి ఎంత ఊరిందో చూసుకునేదాన్ని. వాన పడేదాకా ఆ నీళ్లే మా ప్రాణం.

అలాంటి రోజుల్లో తెనాలి నుంచి ఒక కుటుంబం పిల్లలతో దిగింది. నేను వంటింట్లో ఉండగా దొరువు వైపు నుంచి టకటకమని చప్పుడు. పరిగెత్తాను. మా ఆయన పక్క చేనువాళ్ల ఆయిలింజను అడిగి తెచ్చి, పైపు దొరువులో పడేశాడు.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"పిల్లలు పంపు కింద స్నానం చేస్తారంట. సరదా పడుతున్నారు."

"రోహిణి కార్తెలో దొరువుకి ఇంజనా? మీ అమ్మ ఉంటే ఊరుకునేదా?"

"ఒక్క పూటకి ఏం కాదులే. వాళ్ల ముందు రాద్ధాంతం చెయ్యకు."

ఆయనకు తెలియక కాదు. ఈ ఇసుకలో పుట్టి పెరిగినవాడు. తెలిసే చేశాడు, అదే నా కడుపుమంట. పిల్లలు గెంతారు, పెద్దలు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకున్నారు. నేను పొద్దున్నుంచి కాపాడుకున్న నీళ్లు ఇసుకలోకి ఇంకిపోయాయి. ఆ ఇల్లాలు జుట్టు పిండుకుంటూ నా దగ్గరికొచ్చి, "మీరెంత అదృష్టవంతులండి" అంది. అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఆవిడకు అన్నమే పెట్టాను. ఇంటికొచ్చిన మనిషిని ఏమంటాం?

మర్నాడు గేదె తొట్టిలో మూతి పెట్టి తీసేసింది. దోసిట్లోకి తీసుకుని నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు. ఆ పూట ఆ నీళ్లకి పప్పు ఎంతకీ ఉడకలేదు, పలుకులు పలుకులుగానే ఉండిపోయింది. "పప్పు పాతదేమో" అన్నాడు మా ఆయన, కంచంలోంచి తలెత్తకుండా. మా చేలో పండిన పప్పుని, నేను తిరగలిలో విసిరి, ఆముదం రాసి దాచిన పప్పుని అంతమాటన్నాడు! కంచం లాగేద్దామనిపించింది. బెండాకుల అంచులు మాడి, వారం తిరక్కుండానే మొక్కలు తలలు వాల్చేశాయి.

ఇప్పుడు కర్లపాలెం నుంచి ఆటోలో నీళ్ల టిన్నులు వస్తున్నాయి. అవి తాగడానికీ, వంటకీ. గేదెకి మాత్రం సరుగుడు తోట అవతల ఉన్న వాళ్ల దొరువు నుంచి నేనే మోసుకొస్తున్నాను. ఎవరైనా వస్తున్నారని ఫోను రాగానే మా ఆయన టిన్నుల్ని గొడ్లపాక వెనక దాస్తాడు.

మొన్న ఇంకో జంట వచ్చింది. మా ఆయన టిన్ను నీళ్లు మట్టికుండలో పోసి, చెంబుతో అందించాడు. "మా దొరువు నీళ్లండి." ఆ అమ్మాయి తాగి, "ఎంత బాగున్నాయో!" అంది. ఆయన మురిసిపోయి మళ్లీ ఎత్తుకున్నాడు. "ఉప్పు తప్ప మేం బయట..."

నేను లేచి వెళ్లి దొరువులోంచి రెండు గ్లాసులు ముంచుకొచ్చాను.

"ఇక ఉప్పు కూడా కొనక్కర్లేదమ్మా. ఇవీ మా దొరువు నీళ్లు. తాగి చూడండి."

ఆ అమ్మాయి ఒక్క గుక్కకే మొహం చిట్లించింది. ఆ అబ్బాయి మా ఆయన వంక చూశాడు. "మరి అవెక్కడివి సార్?" అని కుండ చూపించాడు. నేను చెప్పాను, అంతా చెప్పాను, ఇంజను సంగతితో సహా.

కారు వెళ్లిపోయాక ఆయన అరిచాడు. "పైవాళ్ల ముందు పరువు తీశావు కదే!"

"పరువు పోస్తే పప్పు ఉడుకుతుందా?" అన్నాను.

పాకలోంచి గేదె అరిచింది, దానికి నీళ్ల వేళయింది. కడవ తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాను. సరుగుడు తోట అవతలికి దారి ఆయనకు తెలుసు. కడవ ఎత్తుకోవడమే తెలియదు. ఆ సాయంత్రం నేను మాత్రం ఎత్తలేదు.